నేలలోపలి గోడను కాగితం మీదికి తెచ్చినవాడు – గస్పార్ మోంజ్

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మా యూనియన్ సెక్రటరీ నా రూముకి రెండుసార్లు వచ్చాడు. కథ రాయడం నాకు రాదు, కవిత్వం అసలే రాదు. మాథ్స్, ఫిజిక్స్, జియాలజీ చదువుకునేవాణ్ణి. సెలవులకి ఇంటికెళ్తే పత్తిచేలో మందు కొట్టేవాణ్ణి. అందుకని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఆయన చనిపోయి రెండువందల ఏళ్ళు దాటింది. మన ఎమ్మెస్సీ లెక్కల సీనియర్లకి ఆయన పేరు తెలుసు. పాక్షిక అవకలన సమీకరణాలు సాధించడానికి మోంజ్ మెథడ్ అని ఒకటుంది, దాన్ని రాత్రిళ్ళు కూర్చుని వల్లె వేస్తుంటారు. ఇంజనీరింగు కాలేజీ మిత్రులేమో రోజూ డ్రాయింగు బోర్డు మీద ఆయన చూపించిన పనే చేస్తూ ఆయన పేరు వినలేదంటారు. ఇద్దరూ ఒకే మనిషికి శిష్యులన్న సంగతి హాస్టల్లో నేను చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు.

నాకు ఆయన మీద ఆసక్తి లెక్కల పుస్తకంలోంచి పుట్టలేదు. మా ఇంటి పునాది గుంటలోంచి పుట్టింది. అది ముందు చెప్పాలి.

మాది పల్నాడు. నల్లరేగడి నేల, వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. అలాంటి నేలలో ఇల్లు కట్టాలంటే పునాది లోతుగా, వెడల్పుగా దించాలి. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికెళ్ళిన వేసవిలో నాన్న పాత పెంకుటిల్లు తీసేసి కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. తూర్పు వైపు హద్దు మా పెదనాన్న ఇంటి గోడే. టౌనులో ఒకాయన చేత ప్లాను గీయించాం. గదులు, గుమ్మాలు, కిటికీలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. తూర్పు గోడ తొమ్మిదంగుళాలది, సరిగ్గా హద్దుకి ఆనించి రెండు గీతలు. ఆ గోడ కింద నేలలో ఏముంటుందో ప్లానులో ఎక్కడా లేదు. కాగితం మూల మాత్రం అగ్గిపెట్టంత బొమ్మ ఒకటి ఉంది, అన్ని గోడలకీ కలిపి. అడుగున మూడడుగుల వెడల్పు కాంక్రీటు, దానిమీద రెండడుగుల రాతికట్టు, దానిమీద అడుగున్నర, ఆపైన తొమ్మిదంగుళాల ఇటుక గోడ. మేస్త్రి తప్పేమీ లేదు. గోడ మధ్యన దారం కట్టి, దారానికి అటు అడుగున్నర ఇటు అడుగున్నర ముగ్గు పోసి తవ్వించాడు. లెక్క వేసి చూడండి. గోడ మధ్య గీత హద్దుకి నాలుగున్నర అంగుళాలు లోపల ఉంది. గుంట దాన్నుంచి పద్దెనిమిది అంగుళాలు పోయింది. అంటే పదమూడున్నర అంగుళాలు పెదనాన్న స్థలంలోకి, ఆయన గోడ కిందికి వెళ్ళింది. ఆయనది మట్టి అడుసుతో కట్టిన పాతగోడ. ఆ రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారేసరికి గోడ మూల వేలు దూరేంత బీట.

ఆ తర్వాత జరిగినవి రాయడం కష్టం. నాన్న, పెదనాన్న ఒక అరకతో రెండు చేలు దున్నిన అన్నదమ్ములు. పంట రెండుసార్లు చేతికొచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పని ఆగిపోయింది. ఆఖరికి మా తూర్పు గోడని పదమూడున్నర అంగుళాలు లోపలికి జరిపి కట్టాం. పదడుగుల వంటిల్లు ఎనిమిదడుగుల పదిన్నర అంగుళాలయింది. అమ్మ ఇప్పటికీ అటూ ఇటూ తిరిగేటప్పుడు మోచెయ్యి గోడకి కొట్టుకుంటూనే ఉంటుంది. తప్పంతా గీయని గీతలది. ఒక్క డాటెడ్ లైను వేసి, పునాది ఇంతదూరం పోతుంది అని చూపించి ఉంటే సరిపోయేది. కనబడని గోడని కాగితం మీద కనబడేట్టు చేయడం ఎవరు నేర్పారు అని వెతుక్కుంటూ పోతే ఈ మోంజ్ దొరికాడు.

గస్పార్ మోంజ్ 1746 మే నెలలో ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతపు బోన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్ముకుంటూ, కత్తులు సానబట్టుకుంటూ జీవితం మొదలుపెట్టినవాడు. పిల్లల చదువు విషయంలో మాత్రం పట్టుదల గల మనిషి. మోంజ్ ఊళ్ళో మతగురువుల బడిలో చదివి, లియోన్ నగరానికి వెళ్ళి, పదిహేడేళ్ళు నిండీ నిండకుండానే అక్కడ ఫిజిక్సు చెప్పాడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక పని చేశాడు. కొలిచే సాధనాలు కూడా తనే తయారు చేసుకుని తన ఊరికి పెద్ద స్కేలులో మ్యాపు గీశాడు. అప్పటికి ఆయన వయసు దాదాపు మన ఫస్టియర్ వాళ్ళ వయసే.

ఆ మ్యాపు సైనిక ఇంజనీరింగు అధికారి ఒకాయన కంటబడింది. ఉత్తరాన మెజియేర్ అనే ఊళ్ళో రాజుగారి ఇంజనీరింగు బడి ఉండేది. కోటలు కట్టే ఆఫీసర్లు అక్కడ తయారయ్యేవారు. కుర్రవాణ్ణి అక్కడికి రమ్మన్నారు. ఎంత సంతోషంతో వెళ్ళాడో మనం ఊహించుకోవచ్చు. తీరా వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. ఆఫీసరు కావాలంటే పెద్దింటి పుట్టుక ఉండాలి. కత్తులు సానబట్టినవాడి కొడుక్కి ఆ తరగతిలో చోటు లేదు. పక్కన షెడ్డులాంటి విభాగం ఒకటుంది, అక్కడ డ్రాఫ్ట్‌మన్లు, మేస్త్రీలు తయారవుతారు, ప్లాస్టరు కలిపి కోటల నమూనాలు పోస్తారు. దాన్ని అందరూ వెటకారంగా గాష్ అనేవారు. గాష్ అంటే ప్లాస్టరు కలపడం. మన భాషలో అడుసు తొక్కే చోటు అనుకోండి. 1765 ప్రాంతంలో మోంజ్ ఆ అడుసులో చేరాడు. ఆయనకది మనసులో గుచ్చుకున్న ముల్లు. చాలా ఏళ్ళ తర్వాత కూడా ఆ అవమానం మర్చిపోలేదని జీవితచరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. నా అభిప్రాయం మాత్రం వేరు. పెద్ద తరగతిలో కూర్చుని ఉంటే ఆయన చేతికి ప్లాస్టరు అంటేది కాదు. ఘనరూపం ఎలా ఉంటుందో చేత్తో తెలుసుకున్నవాడికే దాన్ని కాగితం మీద పడుకోబెట్టడం తెలుస్తుంది.

ఒకరోజు ఆయనకొక లెక్క ఇచ్చారు. కోట చుట్టూ ఎత్తయిన గుట్టలుంటాయి. ఏ గుట్టమీద శత్రువు ఫిరంగి పెట్టినా కోటలోపలి మనుషులకి గుండు నేరుగా తగలకూడదు. అలా ఉండాలంటే ఏ గోడ ఎంత ఎత్తు లేపాలి? అప్పటి పద్ధతిలో ఒక్కో చోటికి ఒక్కో లెక్క, పేజీలకి పేజీలు అంకెలు, రోజుల తరబడి పని. మోంజ్ ఆ అంకెల జోలికి పోలేదు. గుట్టల శిఖరాల్ని తాకుతూ పోయే తలాన్ని ఊహించి, దాన్ని గీతల్లోకి దించి, గోడ ఎక్కడ ఆ తలాన్ని అందుకోవాలో గీసేశాడు. ఇంత త్వరగా ఎవరూ చేయలేరు, కాబట్టి ఇది తప్పయి ఉంటుందని పై అధికారి ఆ కాగితం చూడ్డానికే ఒప్పుకోలేదట. మోంజ్ పట్టుబట్టాడు. తప్పుందో లేదో చూడండి, చూడకుండా తోసేయకండి అన్నదే ఆయన అడిగింది. చూశారు. తప్పు లేదు.

ఆ పద్ధతి ఏమిటో చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మీ హాస్టల్ గది మూల చూడండి. నేల ఒక కాగితం అనుకోండి, గోడ ఇంకో కాగితం. మధ్యలో గాలిలో దారంతో ఒక నిమ్మకాయ వేలాడదీయండి. దాన్నుంచి నిటారుగా నేలమీదికి ఒక చుక్క, అడ్డంగా గోడమీదికి ఒక చుక్క దించండి. ఈ రెండు చుక్కలుంటే నిమ్మకాయ ఎక్కడుందో తిరుగులేకుండా చెప్పవచ్చు. ఒక్క చుక్కే ఉంటే చెప్పలేం, నేలమీది చుక్కకి పైన నిమ్మకాయ ఎంత ఎత్తులోనైనా ఉండొచ్చు. ఇప్పుడు ఆ గోడని మడతపెట్టి నేలతో సమంగా పడుకోబెట్టండి. రెండు చుక్కలూ ఒకే కాగితం మీదికొచ్చాయి. నేలమీది బొమ్మ ప్లాను, గోడమీది బొమ్మ ఎలివేషన్. ఒకదానికొకటి సాక్షి. ఏ గీత అయినా రెండుచోట్లా సరిపోవాలి, లేకపోతే అబద్ధం.

ఏమాటకామాటే చెప్పాలి. ప్లాను, ఎలివేషన్ మోంజ్ పుట్టించినవి కావు. జర్మనీలో డ్యూరర్ 1525 నాటికే అలాంటి బొమ్మలు అచ్చువేశాడు. ఫ్రాన్సులో రాళ్ళు చెక్కేవాళ్ళకి తరతరాలుగా ఆ ఒడుపు తెలుసు, ఫ్రెజియే అనే ఇంజనీరు దానిమీద పెద్ద గ్రంథమే రాశాడు. కానీ ఒక్కో పనికి ఒక్కో కిటుకు, గురువు చెబితేనే తెలిసే రహస్యం. ఆ కిటుకులన్నిటి కిందా ఉన్న ఒకే సూత్రాన్ని బయటికి తీసి, తలం ఎలా ఖండించుకుంటుంది, వంపు ఎక్కడ తాకుతుంది అన్నవి ఎవరైనా నేర్చుకోదగ్గ శాస్త్రంగా చేసినవాడు ఈయన. దానికే డిస్క్రిప్టివ్ జామెట్రీ అని పేరు.

కోటగోడకి ఇది ఎంత అవసరమో చూడండి. ఆ గోడ బయటి ముఖం ఏటవాలుగా ఉంటుంది, అడుగున లావు, పైన సన్నం. వెనక ఉన్న మట్టి తోసేయకుండా లోపలివైపు రాతి దిమ్మెలు కడతారు. మట్టి నింపాక అవి ఎవరికీ కనబడవు. వీటన్నిటి కిందా ఇంకా వెడల్పయిన పునాది. పైనుంచి చూసి గీస్తే ఒకే గోడకి నాలుగైదు గీతలు పడతాయి. ఏ గీత ఏ మట్టానిదో తెలియకపోతే అది ప్లాను కాదు, ముగ్గు.

మన ఇళ్ళలో నేలమాళిగ గోడ కూడా అంతే. మిత్రుడి డ్రాయింగు పుస్తకం అరువు తెచ్చుకుని నేను నేర్చుకున్నది రాస్తాను, ఇల్లు కట్టుకునేవాళ్ళకి పనికొస్తుంది. ప్లాను అంటే పైకప్పు తీసి చూడటం కాదు. ఇంటిని నేలకి మీటరు పైచిలుకు ఎత్తులో కత్తితో అడ్డంగా కోసి, పైభాగం పక్కనబెట్టి, కిందికి చూడటం. కత్తి దేన్ని కోసిందో దాని అంచు అన్నిటికంటే లావు గీత. కోత కింద కంటికి కనబడేది, మెట్టో గట్టో, సన్నగీత. నేలకింద దాగి ఉన్న పునాది అంచు డాటెడ్ లైను. ఈ మూడు తేడాలు పాటిస్తే సగం గొడవ పోతుంది. నేలమాళిగ గోడలో పొరలుంటాయి. బయటినుంచి వస్తే ముందు మట్టి, తర్వాత నీరు దిగిపోవడానికి కంకర, తర్వాత అడ్డుగా పల్చటి ఇటుక వరస, తర్వాత తడి రాకుండా తారు పొర, ఆ లోపల బరువు మోసే అసలు గోడ, చివర ప్లాస్టరు. ఒక్కో పదార్థానికి ఒక్కో రకం గీతల నింపుడు ఉంటుంది, ఇటుకకి ఏటవాలు గీతలు, కాంక్రీటుకి చుక్కలు, చిన్న త్రికోణాలు. ఇక్కడే చిక్కు. వందకి ఒకటి స్కేలులో తొమ్మిదంగుళాల గోడ రెండుంపావు మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల తారు పొర అదే స్కేలులో మిల్లీమీటరులో వందో వంతుకి మూడు రెట్లు. మన పెన్ను గీతే దానికి ఎన్నో రెట్లు లావు! కాబట్టి దాన్ని స్కేలు ప్రకారం గీయడం కుదరదు. ఒకే నల్లటి లావు గీతగా గుర్తు పెట్టి, ఆ భాగాన్ని పదికి ఒకటి స్కేలులో విడిగా పెద్దది చేసి చూపాలి.

ఇంకో సంగతి. పొరలన్నీ ఒకే కాగితంలో కుక్కకూడదు. పునాది మట్టానికి ఒక ప్లాను, నేలమాళిగకి ఒక ప్లాను, పై అంతస్తుకి ఒక ప్లాను. మూడింటిలోనూ సెంటర్ లైన్లు మాత్రం ఒకే చోట ఉండాలి, ఎందుకంటే మేస్త్రి దారం కట్టేది వాటికే. ఆపైన గోడని నిలువుగా కోసిన సెక్షను, అది ప్లానులో ఎక్కడ కోశారో చూపే గుర్తు, ప్రతి మెట్టు దగ్గరా మట్టం అంకె. హద్దు గోడ అయితే దానికి దానిదే సెక్షను, అన్నిటికీ కలిపి ఒకటి కాదు. మా ప్లానులో లోపించింది సరిగ్గా ఇదే. జియాలజీ ప్రాక్టికల్సులో మ్యాపు ఇచ్చి సెక్షను గీయమంటారు కదా, నేలపైన కనబడే రాతిపొర గీత నుంచి లోపల అది ఎంత లోతుకి వాలి ఉందో తీస్తాం. పని ఒకటే, మోంజ్ నేలా గోడా.

మళ్ళీ కథలోకి వస్తాను. మెజియేర్ అధికారులు ఆ పద్ధతి విలువ గ్రహించారు. వెంటనే దాన్ని సైనిక రహస్యం చేశారు! బడిలో చెప్పు, బయట ఎవరికీ చెప్పకు, అచ్చువేయకు అన్నారు. పాతికేళ్ళకు పైగా ఆయన నోరు కట్టేసుకున్నాడు. గాష్‌లో అడుసు కలిపిన కుర్రవాడు 1769కల్లా అదే బడిలో లెక్కల అధ్యాపకుడయ్యాడు, మరుసటేడు ఫిజిక్సు కూడా ఆయనకే ఇచ్చారు. తను కూర్చోలేని తరగతిలో కూర్చున్న దొరబిడ్డలకి తనే పాఠం చెప్పాడు. 1777లో కాథరిన్ అనే యువతిని పెళ్ళాడాడు. ఆమె అప్పటికే భర్తని పోగొట్టుకుంది, ఇనుప కొలిమి ఆమె చేతిలో ఉంది. ఆ కొలిమి దగ్గరే మోంజ్ లోహాల పని నేర్చుకున్నాడు. 1780లో సైన్సు అకాడెమీలో సభ్యుడయ్యాడు. 1783లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి నీరు తయారు చేశాడు. లవాజియే పారిస్‌లో చేసిన సంగతి తెలియకుండానే చేశాడు. ఆ ఏడే నౌకాదళ విద్యార్థులకి పరీక్షాధికారి అయ్యాడు.

1789లో విప్లవం వచ్చింది. అడుసు షెడ్డు మనిషి ఏ పక్షాన నిలబడతాడో వేరే చెప్పాలా? 1792 ఆగస్టులో నౌకాదళ మంత్రిని చేశారు. ఆ పదవి ఆయనకి అచ్చిరాలేదు, 1793 ఏప్రిల్‌లో వదులుకున్నాడు. మధ్యలో జనవరిలో రాజుకి మరణశిక్ష అమలైనప్పుడు ఆయన మంత్రివర్గంలో ఉన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరమవుతుంది. ఆ తర్వాత దేశం చుట్టూ శత్రువులు, తుపాకిమందు లేదు, సురేకారం విదేశాలనుంచి రావడం ఆగిపోయింది. అప్పుడు శాస్త్రజ్ఞులు నేలమాళిగలవైపు చూశారు. తడిగా ఉండే పాతగోడల అడుగున, పశువుల కొట్టాల నేలలో సురేకారం ఊరుతుంది. ఆ మట్టి గీకి, నీళ్ళలో కలిపి, కాచి తీయమని జనానికి నేర్పారు. నేర్పినవాళ్ళలో మోంజ్, ఆయన స్నేహితుడు బెర్తొలే ముందున్నారు. ఫిరంగులు పోతపోయడం మీద ఆయన బొమ్మలతో సహా ఒక పుస్తకం రాశాడు. కొలిమి పనివాళ్ళు చదివి చేసుకునేట్టుగా రాసిన పుస్తకం అది. మా పశువుల కొట్టంలో గోడ అడుగున పూసే తెల్లటి ఉప్పుని చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది నాకు.

1794లో పారిస్‌లో కొత్త ఇంజనీరింగు విద్యాలయం పెట్టారు. మరుసటేడు దానికి ఎకోల్ పాలిటెక్నిక్ అని పేరు మారింది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో మోంజ్ ప్రముఖుడు. అక్కడ చేరడానికి వంశం అడగలేదు, లెక్కలు అడిగారు. పరీక్ష రాసి నెగ్గినవాడికి సీటు, పైగా బతకడానికి భత్యం. చాలామంది ఆ విద్యాలయం గొప్పతనం గురించి రాసేటప్పుడు అక్కడినుంచి వచ్చిన పేర్లు ఏకరువు పెడతారు. నాకు ముఖ్యంగా తోచేది ఆ భత్యం. అది లేకపోతే సానబట్టేవాడి కొడుకు పారిస్‌లో ఏం తిని చదువుతాడు? ఇక 1795 మొదట్లో ఎకోల్ నార్మాల్ అని ఉపాధ్యాయులకోసం కొన్ని నెలల బడి నడిచింది. దేశం నలుమూలలనుంచి వెయ్యిమందికి పైగా వచ్చారు. లగ్రాంజ్, లప్లాస్ లాంటివాళ్ళు పాఠాలు చెప్పారు. మోంజ్ నిలబడి ఇన్నాళ్ళూ దాచమన్న రహస్యం అందరి ముందూ విప్పాడు. దేశంలో పరిశ్రమలు పరాయివాళ్ళ మీద ఆధారపడకూడదంటే ఈ గీతల భాష పనివాళ్ళకి రావాలన్నది ఆయన వాదన. ఆయన చెబుతుంటే పొట్టిలేఖరులు రాసుకున్నారు. ఆ పాఠాలే 1799లో శిష్యుడు అషెట్ చేతిమీదుగా పుస్తకమయ్యాయి. బల్లమీద బొమ్మ వేయకుండానే చేతులు గాలిలో తిప్పి గోళాన్నీ శంకువునీ కళ్ళకి కట్టించేవాడని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు తలుచుకున్నారు.

నెపోలియన్‌తో స్నేహం ఆయన జీవితంలో ఇంకో భాగం. దాన్ని నేను త్వరగా దాటేస్తాను. 1796లో ఇటలీ వెళ్ళి, గెలిచిన సైన్యం వెంట బొమ్మలూ శిల్పాలూ ఏరి ఫ్రాన్సుకి పంపే సంఘంలో పనిచేశాడు. ఎంత మర్యాదగా చెప్పినా అది దోపిడీయే. పరాయి పాలన చూసిన దేశం వాళ్ళం, మనకి అది వేరేగా కనబడదు. 1798లో ఈజిప్టు వెళ్ళాడు. అక్కడ స్థాపించిన శాస్త్రసంస్థకి తొలి అధ్యక్షుడయ్యాడు. దాహంతో నడిచే సైనికులకి ఎడారిలో చెరువులు కనబడి, దగ్గరికి పోతే మాయమవుతుంటే, అది నేలకి ఆనుకుని వేడెక్కిన గాలిపొర చేసే పని అని వివరించాడు. ఎండమావి మా పొలం గట్టుమీద మే నెలలో ఎన్నిసార్లు చూశానో, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

నెపోలియన్ చక్రవర్తి అయ్యాక పాలిటెక్నిక్‌ని 1804లో సైనికశాలగా మార్చాడు, తర్వాత ఫీజులు పెట్టాడు. మోంజ్ ఎదురు చెప్పాడు. వినలేదు. అప్పుడాయన తన అధ్యాపక జీతాన్ని ఫీజు కట్టలేని విద్యార్థులకి వదిలేశాడని అరాగో రాశాడు. 1808లో కౌంటు బిరుదు పుచ్చుకున్నాడు. పుట్టుకని బట్టి గౌరవం ఇవ్వకూడదని పోరాడిన మనిషి బిరుదు ఎందుకు పుచ్చుకున్నాడు అంటే నా దగ్గర జవాబు లేదు. స్నేహానికి లొంగాడనిపిస్తుంది. 1809లో చేతులు నొప్పులతో సహకరించక పాఠం చెప్పడం మానేశాడు. చేతులతో బోధించినవాడికి అది ఎలాంటి కష్టమో ఆలోచించండి.

1815లో నెపోలియన్ పడిపోయాడు, పాత రాజవంశం తిరిగొచ్చింది. 1793 జనవరి సంగతి వాళ్ళు మర్చిపోలేదు. 1816 మార్చిలో రాజశాసనంతో శాస్త్రసంస్థ సభ్యత్వం నుంచి మోంజ్ పేరు కొట్టేశారు. ఆ ముసలాయన మనసు అక్కడే విరిగిందంటారు. 1818 జూలై 28న పారిస్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియలకి వెళ్తామని పాలిటెక్నిక్ విద్యార్థులు అనుమతి అడిగారు. ప్రభుత్వం ఇవ్వలేదు. వాళ్ళు ఆరోజు ఆజ్ఞ మీరలేదు. మరునాడు సెలవు దొరకగానే అందరూ కలిసి శ్మశానానికి నడిచి వెళ్ళి సమాధి మీద పూలగుచ్ఛం పెట్టి వచ్చారు. ఆయన జీతంతో చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట ఆ వార్త విని ఉంటారు. స్టూడెంట్స్ యూనియన్ పుస్తకంలో ఈ జీవితం రాయాలని నాకు అనిపించింది ఈ ఒక్క ఘట్టం వల్లే.

ఆయన విద్య ఆగలేదు. క్రోజే అనే శిష్యపరంపరలోని ఫ్రెంచివాడు 1816లో అమెరికా వెళ్ళి అక్కడి సైనిక విద్యాలయంలో అదే పాఠం చెప్పాడు. రష్యా ఖైదులో ఉండగా పోన్సెలే అనే మరో శిష్యుడు పుస్తకం లేకుండా గురువు చెప్పింది గుర్తు తెచ్చుకుంటూ కొత్త జ్యామితిని మొదలుపెట్టాడు. పారిస్‌లో విద్యాలయం పుట్టిన అదే 1794లో మన మద్రాసులో ఈస్టిండియా కంపెనీ సర్వే బడి ఒకటి పెట్టింది, తర్వాత అదే గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. ఎందరో తెలుగువాళ్ళు డ్రాయింగు బోర్డు ముందు మొదటిసారి నిలబడింది అక్కడే. ఇవాళ కంప్యూటర్లో గీసే ప్లానులో కూడా ఆ రెండు తలాలే ఉన్నాయి. 1989 డిసెంబరులో ఫ్రాన్సు ప్రభుత్వం ఆయన అవశేషాలని దేశపు గొప్పవాళ్ళుండే పాంథియోన్‌కి మార్చింది. బోన్ ఊరి మ్యాపు ఇప్పటికీ ఆ ఊళ్ళో భద్రంగా ఉంది.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళాను. పెదనాన్న, నాన్న ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు, మునుపటంత కాదు. పెదనాన్న బీటపడిన గోడ తీసేసి కొత్తది లేపుదామనుకుంటున్నాడు. నన్ను పిలిచి, టౌనుకి వెళ్ళేముందు నువ్వొకటి గీసి చూపించరా అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని గీశాను. పైగోడకి ఒక కాగితం, పునాదికి ఒక కాగితం, హద్దు దగ్గర నిలువుకోత ఇంకో కాగితం. మా పునాది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కూడా అందులో డాటెడ్ లైనుతో వేశాను. మేస్త్రి పునాది కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, సెంటర్ లైను మీద వేలు పెట్టి, దారం ఇక్కడేగా అని అడిగాడు. అవునన్నాను. పెదనాన్న మూడు కాగితాలూ మడిచి, ఒక నకలు మా నాన్నకివ్వమని నా చేతికిచ్చాడు.